ఎకరా చీనీ తోట

మా ఆయన దానియేలు సింహాద్రిపురం దగ్గర ఓబుళరెడ్డి చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, ఇరవై ఏళ్లుగా నీళ్లు కడుతున్నాడు. మొన్న రెడ్డి తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. అప్పుడే అనుకున్నాను, ఈ మహానుభావుడు ఊరికే రాడని.

రెడ్డికీ, చనిపోయిన తమ్ముడి భార్య గోవిందమ్మకీ బోరు దగ్గర తగాదా. బోరంతా రెడ్డిదేనని, ఆమెకు ఎన్నడూ వంతు లేదని పెద్దల ముందు మా ఆయన చెప్పాలట. చెబితే కాపుకొచ్చిన తోటలో ఎకరా మా పేరిట రాసిస్తాడట.

"బైబిలు పట్టుకొని చెప్పాల దానియేలూ. మీవోళ్లు ప్రమాణం చేస్తే ఊరంతా నమ్ముతాది," అన్నాడు.

రెడ్డి వెళ్లగానే మా ఆయన, "అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని దేవుని ఆజ్ఞ. నేను చెప్పను," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. సెంటు భూమి లేనివాళ్లం. పెళ్లయిన నాటి నుంచి ఒకరి చేలో కలుపు తీస్తూనే ఉన్నాను.

"ఆజ్ఞ వండుకొని తింటామా? ఇద్దరు బిడ్డలుండారు. ఒక్క మాట చెప్పి రా."

"భూమి శానా గొప్పదే. దేవుని మాట కన్నా గొప్పదా సలోమీ?"

"గొప్పదే," అన్నాను. కోపంతో కాదు, నిజంగానే అన్నాను.

బుధవారం పంచాయతీ పెట్టారు. మా ఆయన బైబిలు మీద చెయ్యి పెట్టి, "బోరు ఇద్దరిదీ. దినం మార్చి దినం ఇద్దరి చేలకూ నేనే నీళ్లు కట్టినా," అన్నాడు.

రెడ్డి ముఖం మాడిపోయింది. "వీడు గోవిందమ్మ దగ్గర దుడ్లు తిన్నాడు. వీని పెండ్లాన్ని అడగండి. దినామూ చేనికి సద్ది మోసింది ఆమే, అంతా చూసింటాది," అని నా వైపు చూశాడు. ఎకరా ఇంకా పోలేదని, నా ఒక్క మాటతో దక్కుతుందని నాకు అర్థమైంది.

ఒక పెద్దాయన బైబిలు నా చేతికిచ్చాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడంటే భయమేసింది. భయం కన్నా ఎక్కువగా సిగ్గేసింది.

"ఆయన చెప్పిందే నిజం," అన్నాను.

ఎకరా పోయింది, ఆయన పనీ పోయింది. ఇంటికి వచ్చేదాకా మా ఆయన్ను తిట్టిపోశాను. చేతగాని మొగుడన్నాను, బిడ్డల నోట్లో మన్ను కొట్టావన్నాను.  ఇల్లు చేరాక ఆయన మెల్లగా, "నువ్వూ నిజమే చెప్పినావు గదా," అన్నాడు.

"చెప్పక ఏం చేస్తా? నీ దేవుడే గదా నాకూ దేవుడు," అని అక్కడే కూలబడి ఏడ్చాను.