పెద్దమాంసం శాండ్‌విచ్చిలు

గొడ్డుమాంసం అని మా ఇళ్లలో ఎవరూ అనరు. పెద్దమాంసం అంటారు, అదీ గొంతు తగ్గించి. మా బావగారు యెహెజ్కేలు హెడ్మాస్టరయ్యాక ఆ మాట అనడం కూడా మానేశారు. రామచంద్రపురంలో మర్యాదగల వీధిలో ఇల్లు తీసుకున్నాక, ఆ కూర ఎప్పుడు వండినా వంటింటి కిటికీ మూసే వండాలని హుకుం వేశారు. తినడం మాత్రం మానలేదు మహానుభావుడు.

ఆ ఆదివారం ఆయన కూతురు ప్రసన్నకుమారిని చూడ్డానికి రాజమండ్రి నుంచి పెళ్లివారు వస్తున్నారు. అక్క పోయినప్పటి నుంచి దానికి పిన్నినైనా అమ్మనైనా నేనే. ప్రసన్న నర్సింగ్ హాస్టల్లో నేర్చుకున్న కైమా శాండ్‌విచ్చిలు చేస్తానంది. "మేకమాంసంతో చెయ్యవే. వచ్చినవాళ్ల ముందు నా పరువు తియ్యకు," అని చెప్పి బావగారు చర్చికి వెళ్లారు.

అది వింటేనా! పెద్దమాంసమే కైమా కొట్టించి తెచ్చింది. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, కైమా వేసి నీరంతా ఇగిరేదాకా కలిపింది. మిరియాల పొడి దండిగా చల్లింది. బేకరీ రొట్టె ముక్కల మధ్య దాన్ని మందంగా పెట్టి, పెనం మీద నెయ్యి వేసి, అట్లకాడతో అదిమి కాల్చింది. కిటికీ బార్లా తెరిచే ఉంచింది.

"నీకేమైనా పిచ్చా? అబ్బాయి నచ్చాడన్నావు కదే!" అన్నాను.

"నచ్చాడు పిన్నీ. ఫొటో చూసినప్పటి నుంచీ అదే ధ్యాస. అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. పెళ్లయ్యాక కూడా దొంగలా తినడం నావల్ల కాదు."

నాకు భయం వేసింది గానీ, పళ్లెం తీసి దాని చేతికిచ్చాను.

బావగారు చర్చి నుంచి రాగానే అబ్బాయి ఫిన్నీ, వాళ్లమ్మ కృపారాణిగారు వచ్చి కూర్చున్నారు. ప్రసన్న పళ్లెం తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. "పెద్దమాంసంతో చేశానండి. మీరు తినకపోతే చెప్పండి, వేరేది తెస్తాను," అంది. బావగారి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "మేకది చెయ్యమన్నాను కదే," అని గొణిగారు.

కృపారాణిగారు ఒకటి తీసుకుని కొరికారు. కళ్లు మూసుకున్నారు. "మా అమ్మ వంటే గుర్తొచ్చిందండి. ఎన్నాళ్లయిందో ఇది తిని!" అంటూ రెండోది అందుకున్నారు. బావగారికి ప్రాణం లేచొచ్చింది. సంబంధం కుదిరిపోయిందనే నేనూ అనుకున్నాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, "పిల్ల మాకు నచ్చిందండి," అన్నారు. "కానీ మా ఇంట్లో మాత్రం దీని ఊసెత్తకూడదమ్మా. మేం కోడి తప్ప ఇంకేం తినమని వీధిలో అందరికీ చెప్పుకున్నాం. ఆ పేరు నిలబెట్టుకోవాలి కదా."

ప్రసన్న ఫిన్నీ వైపు తిరిగింది. "మీరేమంటారండి?"

మంచివాడే పాపం, నేల చూపులు చూశాడు. "అమ్మ చెప్పింది కదండీ. ఎప్పుడైనా బయటికెళ్లి తిందాం, ఎవరికీ తెలీకుండా."

ప్రసన్న వంటింటి గుమ్మంలో నిలబడ్డ నన్ను దాటి లోపలికొచ్చింది. దాని కళ్లనిండా నీళ్లు. మిగిలిన శాండ్‌విచ్చిలన్నీ కాగితంలో చుట్టి, కళ్లు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్లింది.

"ఇవి బస్సులో తినండి. నేను మాత్రం మీ ఇంటికి రాలేనండి. ఏమనుకోకండి," అంది.

బావగారు లేచి నిలబడ్డారు. కృపారాణిగారు పొట్లం వద్దనలేదు. దాన్ని చేతిసంచి అడుగున పెట్టి, పైన తువ్వాలు కప్పుకున్నారు.