బెంచీ కాళ్లకు సిమెంటు

మలావీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో తెల్లారితే పని ఒకటే. వాచ్‌మన్ జైలోసి వరండా ఊడ్చేవాడు, జనం పొడుగాటి బెంచీ మీద వరసగా కూర్చునేవాళ్లు, నర్సు ఫలేసి తలుపు తీసేది. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే బెంచీ తనంతట తానే తిరిగి, వాళ్లు కూర్చున్న కొసను తలుపు దగ్గరికి తెచ్చేది. మిగతావాళ్లు కాళ్లు పైకెత్తుకుని, అది ఆగాక మళ్లీ కబుర్లలో పడేవాళ్లు.

జిల్లా నుంచి పెద్దలు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఫలేసికి పరువంటే ప్రాణం.

"వాళ్ల ముందు ఇది గిరగిరా తిరిగితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అని బెంచీ కాళ్లకు సిమెంటు పోయించింది.

వచ్చినవాళ్లు వరస చూసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమె నెత్తికెక్కింది. వాళ్లు వెళ్లిపోయినా సిమెంటు తీయించలేదు. అప్పట్నుంచి ఎవరి వంతు వాళ్లదే. గొంతు పెద్దదైతే మాత్రం వంతు కాస్త ముందే వచ్చేది.

ఆ పొద్దున కలియాటి అనే జాలరి వేలికి గాలం దిగి, వరండా ఎగిరిపోయేలా అరుస్తున్నాడు.

"చచ్చిపోతున్నా సిస్టరమ్మా!"

"చచ్చేవాడికి ఇంత గొంతుంటుందా? చేపలు దొరక్క నిన్ను నువ్వే పట్టుకున్నావా ఏమిటి?" అంటూనే ఫలేసి అతన్నే లోపలికి పిలిచింది.

బెంచీ ఆ చివర మలీత కూర్చుని ఉంది. వీపున గుడ్డతో కట్టుకున్న పసివాడు యాంఖో ఏడుపు మానేసి చాలాసేపయింది. నిద్రపోయాడనుకుంది పిచ్చితల్లి.

ఉన్నట్టుండి నేల పెటిల్లున పగిలింది. కాళ్లకు అంటుకున్న సిమెంటు పెళ్లలతో సహా బెంచీ తిరిగి, మలీత ఉన్న కొసను గదిలోకి తోసింది. వరండాలో అందరూ కాళ్లు ఎత్తుకున్నారు. కలియాటి అరుపు ఆపి లేచాడు.

"నా వేలు ఎక్కడికీ పోదు. ముందు వాణ్ని చూడమ్మా."

ఫలేసి గబగబా గుడ్డ విప్పింది. పిల్లాడి పెదవులు నీలంగా ఉన్నాయి, ఊపిరి లేదు. ముఖానికి మాస్కు అదిమి, దానికున్న రబ్బరు సంచీ నొక్కుతూ లోపలికి గాలి పంపింది. చివరికి వాడు దగ్గాడు, ఆ వెంటనే గుక్కపట్టి ఏడ్చాడు.

మలీత మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించింది. "నీ చేతి చలవమ్మా."

ఫలేసి సిగ్గుతో చితికిపోయింది. "నాకెందుకమ్మా దండం, లే. సిమెంటు పోయించింది నేనే."

"తెలుసులే సిస్టరమ్మా. మొన్న మా చెల్లెలు పాపను తెచ్చినప్పుడు కూడా బెంచీ పాపం శానా గింజుకుంది. ఊడి రాలేకపోయింది, పిల్ల పోయింది." ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు.

ఆ పాపను తెచ్చిన రోజు బెంచీ కిర్రుకిర్రుమనడం ఫలేసి విన్నది. అదేం చప్పుడో ఆమెకు తెలుసు. అయినా జైలోసిని పిలిచి తలుపు వేయించింది.