మా ఇంటి పచ్చచుక్క

పాలు మాడితే గిన్నె తోముకుంటాం, దానికింత రాద్ధాంతమా అంటాను నేను, ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే నిలబడి ఏం చేస్తున్నావు, ముక్కు అద్దెకిచ్చావా అంటారాయన, పేపరు మడిచి గాలి విసురుకుంటూ, నేనూ ఊరుకోలేదు, ముక్కున్నవారు లేచొచ్చి పొయ్యి కట్టేయొచ్చుగా అన్నాను, అన్నాక గిన్నె అడుగున నల్లటి పెచ్చు కనబడింది, వంగాను, ఇంకా వంగాను, మాడు వాసన లేదు, పాల వాసనా లేదు, కాఫీపొడి డబ్బా మూత తీసి ముఖం పెట్టాను, గాలి, ఉత్త గాలి, సబ్బు, కోసిన ఉల్లిపాయ, ఆయన విడిచిన చొక్కా, దేన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నా అంతే.

జలుబేమో, జలుబైతే ముక్కు కారాలిగా, అంతలో ఫోను మోగింది, ఆరోగ్యం యాప్, రోజూ ఈ వేళకే, మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అంటూ, దారిలో ఎదురుపడ్డ దూరపు చుట్టంలా, మనమేమంటాం, కాలికి కట్టుతో కుంటుతున్నా బాగున్నాం, మీరు బాగున్నారా అంటాం, వేలు దానంతటదే బాగున్నాం అన్న మాట మీదికి పోతోంది, ఆగు, దాని కింద జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం, ఒక్కోదాని పక్కన ఖాళీ గడి, అది నొక్కితే యాప్ పటంలో మా ఇంటి పచ్చచుక్క ఎర్రబడుతుంది, ఎర్రచుక్క ఇంటివాళ్లని ఆసుపత్రిలో చేర్చుకోరు, రేపే అత్తయ్య కంటి ఆపరేషను, ఈ రోగం వచ్చాక ఆపరేషన్లన్నీ ఆపేసి ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారు, గోడ తడుముకుంటూ నడిచే మనిషి, ఇంకా ఆలస్యమైతే ఉన్న చూపూ నిలవదని డాక్టరు చెప్పనే చెప్పాడు.

ఏమండీ, నాకు వాసన తెలియడం లేదండీ, ఆయన చేతిలో పేపరు ఆగింది, మెల్లగా మాట్లాడు, అమ్మ వింటుంది, రేపొక్కరోజు గడవనీ, ఎల్లుండి నొక్కుదువుగాని, నువ్వు చెప్తేనే కదా దానికి తెలిసేది అన్నారు, నిజమే, మనం చెప్పిందే దానికి లోకం, వీధి పటం తెరిచాను, ఇంటికో చుక్క, అన్నీ పచ్చగా పచ్చికలా, గోడవతల టైలరు దగ్గుతున్నాడు, మొన్నటినుంచీ అదే దగ్గు, కుట్టుమిషను చప్పుడు కూడా ఆగిపోయింది, అతని చుక్కా పచ్చగానే ఉంది, అతన్నీ ఎలా ఉన్నారని యాప్ అడిగే ఉంటుంది, అతనూ మర్యాదకి బాగున్నామనే ఉంటాడు, ఇంతమంది మర్యాదే ఇంత పచ్చగా పరుచుకుందా, రేపా కంటి వార్డులో వరసగా మంచాలు, మంచానికో అత్తయ్య, అందరి కళ్లకూ గంతలు, ఒకరి పక్కన ఒకరు ఊపిరి పీలుస్తూ, పక్క మంచం వాళ్ల కోడలు కూడా ఇలాగే పొయ్యి దగ్గర నిలబడి, ఎల్లుండి నొక్కుదాంలే అనుకుంటూ.

భోజనాల దగ్గర నా కంచం గుమ్మం అవతల పెట్టుకున్నాను, ఆయన వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేస్తున్నారు, అత్తయ్య వేళ్లతో కంచం అంచు వెతుక్కుంటూ, నీ గొంతు అంత దూరంనుంచి వస్తోందేమిటే అన్నారు, ఏం లేదమ్మా, పాల గొడవ అని ఈయన అందుకున్నారు, ఊరుకోరా, నా కళ్లు పోయాయి, దాని ముక్కు పోయింది, చెవులు నిక్షేపంలా ఉన్నాయి, నీ గుసగుసలు వీధి చివరిదాకా వినబడతాయి, ఇంతకీ ఏం నొక్కావే అన్నారు నావైపు తిరిగి, నేనున్న చోటుకి కాస్త పక్కగా చూస్తూ, నొక్కిన వేలు ఇక వెనక్కి రాదు, రేపు మనం వెళ్లడం లేదత్తయ్యా, ఎలా ఉన్నారని అడిగింది, బాగాలేమని చెప్పాను.