మబ్బులు కుట్టే అవ్వ

కంట్లో శుక్లం తీసిన డాక్టరు కొన్నాళ్ళు పుస్తకం ముట్టుకోవద్దన్నాడు. నంద్యాలలో ఒక్కడే ఉంటున్న రిటైర్డ్ లెక్చరర్ ప్రభాకర్‌ను ఆపరేషన్ కంటే ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. భార్య హన్నమ్మ పోయినప్పటి నుంచి ఆయనకు ఊరట ఒక రకం నవలలే. వాటిలో మంత్రాలుంటాయి గాని యుద్ధాలుండవు. కొండ మీది ఊళ్ళో ఒక అమ్మాయి టీ కొట్టు పెట్టుకుంటుంది. ఒక అబ్బాయి ఏదో సాకుతో రోజూ వచ్చి టీ తాగిపోతాడు. కథ అయిపోయేసరికి ఇద్దరికీ పెళ్ళి కుదురుతుంది. అంతే. పుస్తకం మూసేసరికి గుండె తేలికపడేది.

"నేను చదివి పంపిస్తాలే నాయనా" అంది కూతురు షాలిని. ఆమె ఆళ్ళగడ్డలో టీచరు. ఆయన కొనిపెట్టుకున్న నవలే తనూ ఒకటి తెప్పించుకుని, బడి అయ్యాక కాస్త కాస్త చదివి వాట్సాప్‌లో పంపేది. అందులో చినిగిన మబ్బులకు కుట్లు వేసే అవ్వ ఒకతె ఉంది. టీ కొట్టుకు వచ్చే పడవ అబ్బాయిని ఊరికే వదలదు. "ఏందప్పా, పడవ ఆడ, నువ్వీడ. టీ తాగనీకేనా వచ్చింది?" షాలిని సీమ యాసలో చదువుతుంటే ప్రభాకర్ ఒక్కడే కూర్చుని పగలబడి నవ్వేవాడు. హన్నమ్మకూ అదే నోరు. చివర పెళ్ళిలో అవ్వ చిందేసింది. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాడు.

కళ్ళద్దాలు రాగానే ఆ నవలే తెరిచాడు. సగానికి వచ్చేసరికి అవ్వ చచ్చిపోయింది. నెమ్మదిగా, చేతిలో సూది ఉండగా, నిద్రలోనే. పెళ్ళి దాకా వెతికాడు. ఆ తర్వాత అవ్వ అన్నట్టు షాలిని వినిపించిన మాటల్లో ఒక్కటీ పుస్తకంలో లేదు.

శనివారం పొద్దున్నే ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. ఎండ కంట్లో పడుతోందని పక్క సీటు ముసలామె తన కొంగు కిటికీకి అడ్డం పట్టుకుంది. ఆమెకు ఒక మంచి మాట చెప్పడానికి కూడా ఆయనకు నోరు రాలేదు.

"అవ్వ సచ్చిపోయింది కదమ్మే" అన్నాడు గడపలోనే నిలబడి.

షాలిని తెల్లబోయింది. "చదివినావా?"

"చదివినా. నేనేమన్నా చర్చిలో నీ సండే స్కూలు పిల్లోన్నా? వాళ్ళకూ అంతే, జలప్రళయం చెప్పినా ఓడెక్కినోళ్ళ గురించే చెప్తావ్. మునిగినోళ్ళ ఊసే ఎత్తవ్."

"పిల్లోల్లు ఏడుస్తారు నాయనా. నీదా, ఆపరేషన్ చేసిన కన్ను."

"మీయమ్మప్పుడు నా కండ్లకేమైంది?"

ఆసుపత్రిలో హన్నమ్మకు నయమవుతోందని అప్పుడు చెప్పింది షాలినే. అది నమ్మి ఆయన పరీక్ష పేపర్లు దిద్దడానికి కర్నూలు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి హన్నమ్మ లేదు.

"ఒకసారి మోసపోతి. పోనీలే అనుకుంటి. మళ్ళా అదే పని. నీ మాట ఇంక ఎట్ల నమ్మల్ల?"

"అమ్మే చెప్పొద్దనింది."

"ఏందీ?"

"డాక్టరు ముందు అమ్మకే చెప్పినాడు. 'మీ నాయనకు చెప్పాకు. మొగం యాలాడేసుకోని పక్కన కూచుంటాడు, ఆ మొగం చూస్తా నేను పోలేను' అనింది. బైబిలు మీద నా చెయ్యి పెట్టించింది."

ప్రభాకర్ కుర్చీలో కూలబడ్డాడు. కర్నూలుకు బయల్దేరిన రోజు హన్నమ్మ మంచం మీది నుంచే నవ్వుతూ, బస్సు పోతాది పోరాదూ అని తరిమింది. అన్నీ తెలిసే అలా నవ్వింది. ఇన్నేళ్ళూ కోపమంతా కూతురి మీద పెట్టుకుని, భార్యను గుండెల్లో పెట్టుకున్నాడు.

సంచిలోంచి నవల తీసి షాలిని చేతికిచ్చాడు.

"చదువు."

"యాడినుంచి?"

"అవ్వ పొయ్యేకాడి నుంచి. ఒక్క మాట ఇడ్సిపెట్టాకు."

షాలిని ఆయన పక్కనే నేల మీద కూర్చుని మొదలుపెట్టింది. ప్రభాకర్ కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. ఆమె చదివే ప్రతి వరుస కిందా వేలు పెట్టి, అక్షరం అక్షరం సరిచూసుకుంటూ విన్నాడు.