జెండా ముందు, బండి వెనక

మా గంగాభవాని మూడూ పదికి దువ్వాడలో బండెక్కుతుంది. భువనేశ్వర్‌లో నర్సు ఉద్యోగం. మొదటిసారి ఇల్లు వదిలి వెళ్తోంది. అది పుట్టిన రోజున నేను కిరండూల్ లైన్లో ఉన్నాను. బడిలో వేసిన రోజున పలాసలో ఉన్నాను. పొద్దున్న గుమ్మంలోనే చెప్పేసింది.

"ఈసారి కూడా రాకపోతే ఇంక నాకు ఫోను సెయ్యకు నాన్నా."

మూడుకల్లా నా బండి దువ్వాడ చేరుతుంది, వస్తానని మాటిచ్చాను. అలాంటి రోజున, మూడుకి నాలుగు నిమిషాలు తక్కువలో, దువ్వాడకి రెండు కిలోమీటర్ల ముందు ఎర్ర సిగ్నల్ పడింది.

"రెడ్," అంది నీలిమ చెయ్యెత్తి.

"రెడ్," అన్నాను పళ్ళు కొరుక్కుంటూ. నేను లోకో పైలట్‌ని, నీలిమ నా అసిస్టెంట్. కనపడిన ప్రతి సిగ్నల్‌నీ ఒకరు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి. మా వెనక పోర్టు నుంచి పరవాడ కరెంటు ప్లాంటుకి పోయే బొగ్గు, యాభై ఎనిమిది వ్యాగన్లు.

ఈ లైన్లో సిగ్నళ్ళు ఆటోమేటిక్. ముందు బండి ఉంటే వాటంతట అవే ఎరుపు పడతాయి. పాత రూలైతే ఒక్క నిమిషం ఆగి, పదిహేను స్పీడు మీద దాటిపోవచ్చు. ఇరవై రెండేళ్ళు అలాగే దాటాను. పోయిన వారం కొత్త సర్క్యులర్ వచ్చి పడింది. ముందు వంపు ఉండి దారి కనపడకపోతే అసిస్టెంట్ దిగి జెండా పట్టుకుని నడవాలట, వెనకాల బండి నడక స్పీడులో రావాలట! ఏసీ గదిలో కూర్చున్న మహానుభావుడెవడో రాసి ఉంటాడు. నేను చదవకుండానే రిజిస్టర్‌లో సంతకం గీకేశాను. నీలిమ రెండుసార్లు చదివి, నాకు అప్పజెప్పి మరీ సంతకం పెట్టింది.

నిమిషం అయింది. ముందు వంపు. అవతల ఏముందో తుమ్మ పొదలు కనపడనివ్వడం లేదు. నీలిమ జెండాలు తీసింది.

"ఏటి సేత్తన్నావ్?"

"దిగుతన్నాను సార్."

"కూకో! ఎవుడు సూత్తాడు? రెండు నిమిషాల్లో వంపు దాటీద్దాం. నా కూతురు ఎలిపోతాది."

"తెలుసు సార్. కానీ నాను సంతకం పెట్టీసినాను. నాను దిగకుండా బండి కదిలితే ఎమర్జెన్సీ బ్రేకు లాగీస్తాను."

అంటూనే దిగేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కూతురికంటే నాలుగేళ్ళు పెద్దదేమో, నాకు రూళ్ళు చెప్తోంది!

పచ్చజెండా పట్టుకుని, ఎర్రజెండా చంకలో పెట్టుకుని, ఎండలో కంకర మీద తూలుతూ నడుస్తోంది. వెనకాల నా బండి పెళ్ళి ఊరేగింపులో కారులా పాకుతోంది. కాలనీ మేడల మీద జనం ఫోన్లు తీశారు. ఒకడు ఈల వేశాడు. వాచీ చూశాను, మూడు. హారన్ కొట్టాను. నీలిమ వెనక్కి తిరగలేదు. మూడూ ఐదు. మళ్ళీ కొట్టాను. "నడు తల్లీ, నడు!" అని క్యాబ్‌లో ఒక్కణ్ణే అరిచాను. మూడూ పది. అయిపోయింది. డ్యూటీలో ఫోను ముట్టుకోకూడదు, ఒక మాట చెప్పడానికీ లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అబద్ధం ఎందుకు.

వంపు మధ్యలో నీలిమ ఠక్కున ఆగింది. పచ్చజెండా పారేసి ఎర్రజెండా రెండు చేతులా ఎత్తింది. బ్రేకు వేశాను. నడక స్పీడే కాబట్టి ఆమెకి ఇవతలే బండి ఆగింది.

వంపు అవతల ఇంజను చెడిపోయిన గూడ్స్ ఒకటి నిలబడి ఉంది. దాని చివరి వ్యాగను నీలిమకి ముప్పై అడుగుల్లో ఉంది. పదిహేను మీద వచ్చి ఉంటే ఆపగలిగేవాణ్ణేమో. కానీ ఇవాళ్టి తొందరలో నేను పాతిక మీద వచ్చేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు.

అంతలో పక్క లైన్లో ఎదురుగా హారన్ మోగింది. మూడూ పది బండి. చెడిపోయిన గూడ్స్ మీద ప్రమాదపు లైటు మిణుకుతుంటే చూసి ఆగి, ఇప్పుడు మెల్లగా పాకుతూ వస్తోంది. నేను ఆ వ్యాగన్ని గుద్ది ఉంటే బొగ్గు పెట్టెలు దొర్లేది ఆ పట్టాల మీదే. దాని మీద వస్తున్నది నా కూతురు.

ఇంజను వదిలి దిగకూడదు. కిటికీలోంచి సగం బయటికి వంగాను. మూడో పెట్టె తలుపు దగ్గర గంగాభవాని నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి.

"నాన్నా! ప్లాట్‌ఫారమంతా ఎతికినాను! మళ్ళీ రాలేదు నువ్వు!"

"వచ్చీసినానమ్మా! ఇక్కడే ఉన్నాను కదే!"

పెట్టె నా ముందు నుంచి నెమ్మదిగా జరుగుతోంది. అది కళ్ళు తుడుచుకుని నవ్వేసింది.

"ఆ జెండా అక్క ఎవులు నాన్నా?"

చెయ్యి ఊపుతూనే ఉన్నాను, ఆఖరి పెట్టె వెళ్ళేదాకా.

గంట తర్వాత ఆ గూడ్స్‌ని లాక్కుపోయారు. నీలిమ ఎక్కి కూర్చుంది. బూటు విప్పితే మడమ మీద బొబ్బ.

"సారీ సార్, మీ అమ్మాయిని..."

"నోరుమూసుకుని ముందు నీళ్ళు తాగు," అన్నాను. సీసా మూత నేనే తీసి ఇచ్చాను.

కదిలి అరకిలోమీటరు పోయామో లేదో మళ్ళీ సిగ్నల్, మళ్ళీ వంపు.

"రెడ్," అంది కుంటుతూ లేచి.

"రెడ్," అన్నాను. జెండాలు అందించాను. "మెల్లగా నడమ్మా. తొందరేటీ లేదు."