నా మీద మొదట కూర్చున్న మనిషి

నేను ఒక బల్లని. చెక్క బల్లని కాదు, మట్టి బల్లని. నవ్వకండి. "మట్టి మీద కూర్చోడానికి బల్లెందుకండీ, నేలుంది కదా!" అని మొట్టమొదట నవ్వినవాడు మా వకుళ షెడ్డుకి మట్టి తోలే లారీ డ్రైవరే.

వకుళ నన్ను చేసిన మనిషి. రాజమండ్రి శివార్లలో ఆమెకొక రేకుల షెడ్డు, అందులో ఒక బట్టీ ఉన్నాయి. మొదట్లో కప్పులూ కూజాలూ చేసేది. తర్వాత పీటలూ బల్లలూ. ఆ తర్వాత ఏకంగా గదుల్ని చేయడం మొదలుపెట్టింది. గదిని చేయడమేమిటంటారా? వెలుతురు ఎటునుంచి రావాలి, వచ్చినవాళ్లు చెప్పులు విప్పి ఎటు చూడాలి, ఎక్కడ కూర్చుంటే ప్రాణం హాయిగా ఉంటుంది, ఇదంతా పలకలతో, చిల్లుల జాలీలతో, నాలాంటి వాటితో కుదిర్చేది. చూసినవాళ్లు అబ్బ ఎంత బావుందో అనేవారు. అని ఊరుకోవచ్చు కదా! "పాపం, చేతిలో విద్య ఉంది గానీ నుదుటి మీద బొట్టే లేకపోయింది" అని ఒక ముక్క తగిలించేవారు. ఆమె భర్త పోయాడు మరి. మెచ్చుకోవడానికొచ్చి గుచ్చి వెళ్లడం మనుషులకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

నాకంటే ముందు చేసిన ఇద్దరు దక్కలేదు. ఒకడు ఆరుతుండగానే కుంగిపోయాడు, ఇంకొకడు బట్టీలో పేలిపోయాడు. నన్ను మాత్రం వకుళ తడిగోనె కప్పి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుని ఆరబెట్టింది. బట్టీ తలుపు తీసి వేలితో తట్టింది. ఖంగుమన్నాను. ఆమె నవ్వు ఆ రోజు చూడాలి! లేత ఆకుపచ్చ రంగులో నిగనిగలాడుతూ ఉండేదాన్ని. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, నిజంగానే బావుండేదాన్ని.

అయితే లోపల బోలు. గుమ్మడికాయలాగా పైన పెంకు, లోపల ఖాళీ. ఒళ్లు బాగుంటే నలుగురిని మోస్తాను. బీట పడితే మాత్రం నా అంత ప్రమాదం ఇంకోటి లేదు. విరిగిన నా అంచు కత్తిపీటకేమీ తీసిపోదు.

దానవాయిపేటలో మంగతాయారు గారి కొత్తింటి హాలంతా వకుళే తీర్చింది. పడమటి గోడకి మట్టి జాలీ, దానికెదురుగా నేను. నన్ను దించిననాడే అందరికీ చెప్పింది. "దీన్ని ఈడ్చకండి. కదపాల్సొస్తే కిందనుంచి ఎత్తండి." అందరూ తలలూపారు. జాగ్రత్తలు చెబితే తల ఊపడంలో మనుషుల తర్వాతే ఎవరైనా.

మంగతాయారు గారి కోడలు ఇందుమతి. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి. ఆ మాట విన్నరోజే ఆ పిల్లకీ నాకూ చుట్టరికం కలిసిపోయింది. ఏడో నెల రాగానే శ్రీమంతం పెట్టుకున్నారు. అమ్మాయిని నా మీదే కూర్చోబెట్టాలన్నారు. నా సంబరం చూడండి! అంతలో మంగతాయారు గారు వకుళకి ఫోన్ చేశారు. "భోజనాల వేళకి రామ్మా. ముందంతా ముత్తయిదువల వేడుక కదా, నీకు తెలియందేముంది." నాకు ఒళ్లు మండిపోయింది. హాలు ఆమె చేసింది, బల్ల ఆమె చేసింది, ఆమె రాక మాత్రం భోజనాలకి!

శ్రీమంతం రోజున పురోహితుడు అమ్మాయిని తూర్పుముఖంగా కూర్చోబెట్టాలన్నాడు. వంటవాళ్లని పిలిచారు. ఎత్తారా? లేదు. ఒక కొస పట్టుకుని బరబరా ఈడ్చారు. నా రెండో కొస మెట్టు అంచుకి కొట్టుకుంది. పొట్టలో టిక్కుమంది. సన్నాయి మోతలో ఎవరికి వినపడుతుంది?

ఆపైన కొత్త వస్తువని, గడపకి రాసినట్టు నాకు పసుపు రాశారు. చీరకి అంటుతుందని ఇంకెవరో తడిగుడ్డతో తుడిచారు. పసుపంతా పోయింది. ఒక్క గీత మాత్రం పోలేదు. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వెంట్రుకంత సన్నగా, పచ్చగా మిగిలింది. "గీత భలే ఉందే! డిజైనేమో" అందొకావిడ. డిజైనట! నా ప్రాణం పోయే దారి అది తల్లీ!

ఇందుమతిని తీసుకొస్తున్నారు. చేతినిండా ఆకుపచ్చ గాజులు, తలనిండా పూలు. నాకు చేతుల్లేవు, వారించలేను. నోరు లేదు, అరవలేను. ఆ పిల్ల కూర్చుంటే నేను విరుగుతాను. విరిగితే ఆ అంచులమీద పడేది ఎవరు, కడుపులో ఎవరిని పెట్టుకుని పడేది!

అప్పుడు చూశాను. వంటింటి గుమ్మం దగ్గర వకుళ! తను చేసిన బల్లమీద మొదట ఎవరు కూర్చుంటారో చూడాలని మనసాగక, భోజనాలకంటే ముందే వచ్చేసింది. ఆమె కళ్లు నా మీద పడ్డాయి, గీత మీద పడ్డాయి.

"ఆగండి! బల్ల బీటేసింది, కూర్చోబెట్టకండి!"

మంగతాయారు గారు గిరుక్కున తిరిగారు. "శుభమా అని పిల్ల కూర్చుంటుంటే ఏం మాటలమ్మా అవి! లోపలికెళ్లు."

"అది కాదండీ, ఒక్కసారి గీత చూడండి..."

"నీకు దండం పెడతాను వకుళా, ఇప్పుడు ముందుకి రాకు!"

చెరోపక్కా మోచేతులు పట్టుకుని ముత్తయిదువలు అమ్మాయిని వంచుతున్నారు. చీర కుచ్చిళ్లు నన్ను తాకాయి. నా లోపల గీత ఇంకొంచెం పాకింది. వకుళ జనాన్ని తోసుకుంటూ పక్కనుంచి వచ్చి, ఇందుమతి కూర్చునేలోపే నా నడుమ తన బరువంతా వేసి కూలబడింది.

ఇందుమతి ఉలిక్కిపడి లేచి నిలబడింది.

విరక్కుండా ఒక్క క్షణం ఆగాను. ఆగితే అందరి ముందూ ఆమె పరువు పోతుంది. ఆగకపోతే ఆమె ఒళ్లు తెగుతుంది. నిజం చెప్పొద్దూ, ఆగుదామనే చూశాను. పరువుదేముంది, మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ మట్టి మాట చెల్లుతుందా? ఫెళ్లున రెండయ్యాను. వకుళ కుడిచెయ్యి నా కింద పడింది.

సన్నాయి ఆగిపోయింది. "అనుకున్నంతా అయింది! ఆ మనిషి కూర్చుంటే ఏదైనా నిలుస్తుందా!" అందొక గొంతు. ఊళ్లో ఇప్పటికీ కథ ఇంతవరకే చెప్పుకుంటారట. నేను రెండు ముక్కలుగా వకుళ షెడ్డు వెనక పడి ఉన్నాను, వెళ్లి దిద్దలేను. అందుకే మీరైనా మిగతాది వినండి.

ఇందుమతి నడుం పట్టుకుని మెల్లగా వంగి నేను విరిగిన చోటు చూసింది. "అత్తయ్యా, ఇటు రండి. పసుపు లోపలిదాకా దిగింది. ఇది ముందే ఉన్న బీట, ఈవిడ కూర్చుంటే పగిలింది కాదు."

మంగతాయారు గారు వచ్చి నా అంచుకి వేలు రాసి చూసుకున్నారు. వేలు పచ్చగా అయింది. ఆవిడ ఆ అంచుని చూశారు, కోడలి కడుపుని చూశారు. అక్కడే నేలమీద కూర్చుండిపోయారు. "అమ్మా, నా తల్లీ" అని మాత్రం అన్నారు. ఎవరిని అన్నారో ఎవరూ అడగలేదు.

ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గొణిగాడు. మంగతాయారు గారు లేచారు. అక్షింతల పళ్లెం ముత్తయిదువల చేతిలోంచి తీసుకుని తిన్నగా వకుళ ముందు పట్టారు.

"ముందు నువ్వు వెయ్యి."

వకుళ తల అడ్డంగా ఊపింది. "నేనా? వద్దండీ... అసలు కుడిచెయ్యి లేవడం లేదు."

"ఎడంచేత్తో అక్షింతలేమిటి, చోద్యం కాకపోతే!" అని ఎవరో అన్నారు.

"ఏ చెయ్యైనా ఆవిడదే కదా" అంటూ ఇందుమతి నా ముక్కల పక్కన చాపమీద కూర్చుని తల వంచింది.

వకుళ ఎడంచేత్తోనే వేసింది. అలవాటు లేని చెయ్యి కదా, కొన్ని గింజలు నా మీద పడ్డాయి.