మంచాల లాల్ అహమ్మద్ చేతికొచ్చిన విమానం

ఉరవకొండలో లాల్ అహమ్మద్ బాగుచేసిన మంచం మళ్ళీ విరిగిందని ఇంతవరకు ఎవురూ రాలేదు. మనిషికి ఆ పొగరు నిలువెల్లా ఉండాది. అందుకే ఆశ్రిత మేడం ముక్కలైన విమానాన్ని గోనెసంచిలో తెస్తే, ఇదేం పెద్ద పనని ఒప్పుకున్నాడు.

ఆశ్రిత అనంతపురంలో కాలేజీ మేడం. రిమోటుతో ఎగిరే ఆ చిన్న విమానాన్ని అదే కాలేజీలో చదువుకునేటప్పుడు తన చేతుల్తోనే చేసి కాలేజీకే ఇచ్చింది. పన్నెండేండ్లుగా పిల్లోళ్ళు దాన్ని ఎగరేస్తానే ఉండారు, పడేస్తానే ఉండారు. కాలేజీవాళ్ళకి ఓపిక చచ్చింది. ఆదివారం ఎగిరితే సరి, లేకుంటే పాత సామాన్లకి వేసేస్తామన్నారు.

"అది పోతే నాకు అన్నం దిగదన్నా," అనింది మేడం.

ఇంక లాల్ అహమ్మద్ ఊరికే ఉంటాడా? రెక్కకి టేకు పట్టీ వేసినాడు. తోకకి ఇనుప స్క్రూలు బిగించినాడు. మూడుసార్లు వార్నిష్ పూసినాడు. "ఏనుగెక్కినా విరగదు మేడం," అని శనివారం పొద్దున ఆమె చేతిలో పెట్టినాడు.

ఊరిబయట మట్టిరోడ్డు మీద అది గర్రుమని అర ఫర్లాంగు పరిగెత్తింది. లేవలేదు. మళ్ళీ పరిగెత్తింది. గొర్రెలు పక్కకి తప్పుకున్నాయి గానీ విమానం మాత్రం నేల వదల్లేదు. మేడం వంగి దానికంటిన మట్టి తుడిచింది. తిట్టుంటే బాగుండేదని లాల్ అహమ్మద్‌కి అనిపించింది.

ఇంటికి తెస్తే భార్య షరీఫాబీ దాన్ని ఎత్తి బరువు చూసి, "దీన్ని ఎగరమన్నారా, దీని మీద పండుకోమన్నారా?" అనింది.

ఒళ్ళు మండింది. మండినా మాట నిజమే కదా. కూర్చుని తన పనిని తానే ఊడదీసినాడు. వార్నిష్ గీకతాంటే సొంత చర్మం గీక్కున్నట్లే ఉండింది. టేకు బదులు వెదురుపుల్ల పెట్టినాడు, స్క్రూల బదులు దారం చుట్టి రవ్వంత జిగురు పూసినాడు. చక్రాన్ని పట్టుకునే కాడకీ సన్న పుల్లే. ఇట్లాంటి నాసి పని తన పేరు మీద బయటికి పోతాందే అని సాయంత్రం దాకా ఏడుపుమొహం పెట్టుకుని తిరిగినాడు.

ఆదివారం అదే మట్టిరోడ్డు పక్కన కాలేజీ పెద్ద నారాయణ సారు గడియారం చూసుకుంటా నిలబడినాడు. విమానం నాలుగు బారలు పరిగెత్తి లేచింది. చెనిక్కాయ చేన్ల మీద ఒక చుట్టు, రెండు చుట్లు. లాల్ అహమ్మద్ మెడ నొప్పి పుట్టేదాకా నోరు తెరుచుకుని చూసినాడు. దిగేటప్పుడు రాయి తగిలి చక్రం కాడపుల్ల పుటుక్కుమనింది.

మేడం పరిగెత్తిపోయి విమానాన్ని ఎత్తుకుంది. "దెబ్బంతా ఈ పుల్లే తినిందన్నా. ఇది విరగబట్టి రెక్క దక్కింది."

"ఎగిరింది కదమ్మా, ఉండనీ," అన్నాడు నారాయణ సారు.

లాల్ అహమ్మద్ ఆ విరిగిన పుల్లని అరచేతిలో పెట్టుకుని వచ్చినోళ్ళందరికీ చూపించినాడు. తాను చేసింది విరిగినందుకు అంత సంబరపడటం ఆయన బతుకులో అదే మొదలు.